కంప్యూటరు తెరకు తిరగబెట్టే జబ్బు

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంట్లో ఏ వస్తువైనా ఒక్కసారిగా పూర్తిగా పాడైపోతే చిక్కు లేదు. మిక్సీ మోటారు కాలిపోయిందంటే కాలిపోయినట్టే. బాగుచేయించుకోవడమో, కొత్తది కొనుక్కోవడమో, ఏదో ఒకటి తేలిపోతుంది. అసలు ప్రాణం తీసేది ఆగి ఆగి పాడయ్యే వస్తువు. పొద్దున్న బాగుంటుంది, మధ్యాహ్నం మొరాయిస్తుంది. మెకానిక్కును పిలుచుకొచ్చేసరికి ఏమీ ఎరగనట్టు చక్కగా పనిచేస్తుంది. అతను వీధి మలుపు తిరిగాడో లేదో, మళ్ళీ మొదలు!

కంప్యూటరు తెరకు వచ్చే జబ్బులు చాలామటుకు ఈ జాతివే. ఉన్నట్టుండి తెర నల్లబడుతుంది. రెండు క్షణాలాగి మళ్ళీ వస్తుంది. లేకపోతే దీపం కొండెక్కబోతున్నట్టు రెపరెపలాడుతుంది. ఒక్కొక్కప్పుడు బొమ్మంతా పసుపు నీళ్ళలో ముంచి తీసినట్టు కనిపిస్తుంది. అడ్డంగానో నిలువుగానో గీతలు పడతాయి. ఈ విషయాన్నే ఈనాడు మీతో ముచ్చటించదలచుకున్నాను.

“మాకెందుకమ్మా ఈ గొడవ? మగవాళ్ళు చూసుకుంటారు, లేకపోతే షాపువాడు చూసుకుంటాడు” అని మీలో కొందరైనా అనుకోవచ్చు. కాని ఒక్క మాట ఆలోచించండి. రోజంతా ఇంట్లో ఆ యంత్రం ఎదుట మసిలేది ఎవరు? పిల్లవాడి పరీక్ష దరఖాస్తు నింపుతూంటే తెర ఆరిపోయినప్పుడు పక్కన ఉన్నది ఎవరు? ఇప్పుడు ఎందరో గృహిణులు ఇంట్లోనే కూర్చుని టైపు పనో, లెక్కల పనో, జాకెట్ల డిజైన్ల పనో చేసుకుంటున్నారు. తెర ఆగితే వాళ్ళ సంపాదన ఆగుతుంది. పైగా ఇంట్లో యంత్రం పాడైతే నింద ముందు ఎవరి మీద పడుతుంది? “తుడిచేటప్పుడు ఏం కదిపావో!” అన్న మాట వినని ఇల్లాలు ఉందంటారా? నింద మోయడానికి మనం పనికివచ్చినప్పుడు, ఆ జబ్బు ఎక్కడుందో కనిపెట్టడానికి మాత్రం ఎందుకు పనికిరాకపోవాలి?

ముందుగా యంత్రం సంగతి స్థూలంగా చూద్దాం. మనం సి.పి.యు. అని పిలుచుకునే పెట్టె ఒకటి, మానిటరు అనే తెర ఒకటి, ఆ రెంటినీ కలిపే కేబులు ఒకటి. దీన్ని మన ఇంటి భోజనంతో పోల్చుకోవచ్చు. పెట్టె వంటిల్లు. బొమ్మ తయారయ్యేది అక్కడ. కేబులు వడ్డన. తెర విస్తరి. ముద్దలో రాయి తగిలిందనుకోండి. అది వంటలోనే పడిందా, వడ్డించేటప్పుడు పడిందా, విస్తట్లోనే ఉందా? ఇది తేల్చుకోకుండా వంటమనిషిని మానిపించి ఏం లాభం? తెర విషయంలో మనం సాధారణంగా చేస్తున్నది అదే. కేబులు వదులైతే మానిటరు మారుస్తాం. మానిటరు ముసలిదైతే పెట్టె మారుస్తాం.

మరి జబ్బు ఎక్కడుందో తేల్చుకోవడం ఎల్లాగ? డాక్టరు దగ్గరికి చలిజ్వరంతో వెళితే ఆయన మొట్టమొదట ఏమడుగుతాడు? “ఎన్ని రోజుల నుంచి? రోజూ వస్తోందా, రోజు విడిచి రోజా? ఏ వేళకు వస్తోంది?” అని అడుగుతాడు. తిరగబెట్టే జ్వరానికి సగం వైద్యం ఆ జవాబుల్లోనే ఉంది. తిరగబెట్టే తెర జబ్బుకూ అంతే. అంచేత పాల లెక్క రాసుకునే పుస్తకంలోనే వెనక పేజీలో నాలుగు సంగతులు రాసి పెట్టండి. ఏ తేదీన, ఏ వేళకు వచ్చింది? కంప్యూటరు పెట్టగానే వచ్చిందా, అరగంట నడిచాక వచ్చిందా? అప్పుడు తెర మీద ఏం నడుస్తోంది? ఉత్తరమా, సినిమానా, పిల్లల ఆటా? ఆ సమయానికి ఇంట్లో ఇంకేం జరుగుతోంది? నీళ్ళ మోటారు వేశారా, ఫ్రిజ్ అందుకుందా, కరెంటు పోయి వచ్చిందా, ఎవరైనా బల్ల జరిపారా? వారం రోజులు ఇల్లా రాస్తే, ఏ మెకానిక్కుకూ తెలియని రహస్యం మీ పుస్తకంలో ఉంటుంది.

ఆ రాతను చదవడం కూడా కష్టమేమీ కాదు. చల్లగా ఉన్నప్పుడు రెపరెపలాడి, పావుగంట వేడెక్కాక తెర నిలకడగా నిలిచిందంటే, మానిటరు లోపల కరెంటు సరఫరా చేసే భాగంలో కెపాసిటర్లనే చిన్న డబ్బాలు ముసలివై ఉబ్బిపోతున్నాయని అనుమానించవచ్చు. ఇది మానిటరు మొత్తం పారేయవలసిన జబ్బు కాదు. తెలిసిన పనివాడు ఆ చిన్న డబ్బాలు మార్చేస్తాడు. అల్లా కాక, మొదట బాగుండి, అరగంట సినిమా చూశాకనో, పిల్లలు ఆట ఆడాకనో గీతలు పడటం, ఆగిపోవడం జరిగితే, పెట్టె లోపల వేడి పెరుగుతున్నదన్నమాట. ఫ్యాను రెక్కలకు దుమ్ము పట్టి గాలి ఆడటం లేదేమో చూడాలి. మన విజయవాడ, రామగుండం వేసవి ఎండల్లో, గోడకు ఆనించి, పైన గుడ్డ కప్పిన పెట్టె ఊపిరాడక అల్లాడుతుంది. నీళ్ళ మోటారు వేసినప్పుడే తెర ఆరుతోందంటే తప్పు యంత్రానిది కాదు, ఓల్టేజిది. అప్పుడు పిలవవలసింది కంప్యూటరు మెకానిక్కును కాదు, కరెంటు మేస్త్రీని.

వానాకాలంలో మరో రకం. పెట్టె పెడితే లోపల ఫ్యాను తిరుగుతుంది, దీపం వెలుగుతుంది, తెర మాత్రం రాదు, పెట్టె బీప్ బీప్ మని కూస్తుంది. చాలామటుకు ఇది ర్యామ్ అనే పలక సరిగా ఆనకపోవడం వల్ల వస్తుంది. షాపులో అబ్బాయి దాన్ని ఊడదీసి, బంగారు రంగు పళ్ళను పెన్సిలు రబ్బరుతో రుద్ది మళ్ళీ పెడతాడు. తెర వచ్చేస్తుంది. మంచిదే. కాని నెలకొకసారి అదే జరుగుతోందంటే రబ్బరుతో రుద్దడం జండూబామ్ రాయడం లాంటిదే. పలకను పక్క గాడిలోకి మార్చి చూడమనండి, వేరే పలక పెట్టి చూడమనండి. గాడి తప్పో, పలక తప్పో అప్పుడు తేలుతుంది.

ఇహ ఇంట్లోనే, స్క్రూడ్రైవరు పట్టకుండా చేసుకోగల పరీక్షలు కొన్ని చెబుతాను.

మొదటిది మెనూ పరీక్ష. మానిటరుకు అంచునో వెనకో బొత్తాలుంటాయి. నొక్కితే వెలుతురు, రంగులు సవరించుకునే చిన్న పట్టిక ఒకటి తెర మీద వస్తుంది. ఆ పట్టిక మానిటరు సొంతానిది, పెట్టెలోంచి వచ్చేది కాదు. తెర అల్లరి చేస్తున్న సమయంలోనే దాన్ని తెప్పించి చూడండి. వెనక బొమ్మ వణుకుతున్నా పట్టిక మాత్రం నిశ్చలంగా, సరైన రంగుల్లో ఉన్నదంటే విస్తరి మంచిదే. తప్పు వడ్డనలోనో వంటలోనో ఉంది. పట్టిక కూడా వణుకుతూంటే తప్పు మానిటరులో ఉన్నట్టు.

రెండవది ఫోటో పరీక్ష. తెర మీద గీతలు కనిపిస్తూండగా కీబోర్డు మీద ప్రింట్ స్క్రీన్ అనే బొత్తాం నొక్కి, ఆ బొమ్మను దాచి, ఫోనుకు పంపుకుని అక్కడ చూడండి. ఫోనులో కూడా ఆ గీతలు ఉంటే రాయి వంటలోనే పడింది. ఫోనులో బొమ్మ శుభ్రంగా ఉంటే చాలావరకు కేబులునో తెరనో అనుమానించాలి. తెరను ఫోను కెమెరాతో ఫోటో తీయడం వేరు, ఇది వేరు. రెండూ కలపకండి.

మూడవది టార్చి పరీక్ష. తెర నల్లబడిపోయి, కంప్యూటరు చప్పుడు మాత్రం వినిపిస్తూంటే, గదిలో దీపం ఆర్పి, టార్చిలైటు తెర మీద ఏటవాలుగా వేసి చూడండి. లోపల బొమ్మ లీలగా కనిపిస్తోందా? అయితే బొమ్మ వస్తూనే ఉంది, దాని వెనక ఉండవలసిన దీపం ఆరిపోయింది. ఈ మాట మెకానిక్కుకు చెప్పారంటే అతని పని సగం తగ్గుతుంది.

నాలుగవది విండోస్ ఉన్న కంప్యూటర్లకు. తెర రెపరెపలాడుతూండగా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అనే మూడు బొత్తాలూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ అనే పట్టిక వస్తుంది. అది కూడా మిగతా తెరతోపాటు రెపరెపలాడుతూంటే డిస్‌ప్లే డ్రైవరును అనుమానించాలి. డ్రైవరంటే బండి నడిపేవాడు కాదు, బొమ్మను తెరకు ఎల్లా పంపాలో కంప్యూటరుకు నేర్పే ప్రోగ్రాము. అది ఒక్కటీ నిలకడగా ఉండి మిగతాదంతా ఆడుతూంటే, కొత్తగా వేసిన ఏదో ప్రోగ్రాము సరిపడలేదన్నమాట. ముందు రోజు ఏం వేశారని పిల్లల్ని అడగండి. ఈ రెండు జబ్బులకూ డబ్బు పెట్టి సామాను కొననక్కరలేదు. డ్రైవరును తీసి మళ్ళీ వేయడమో, కొత్త ప్రోగ్రామును తొలగించడమో చేసి చూడాలి.

రంగులు మారడానికి కూడా ఒక లెక్క ఉంది. తెర మీద కనిపించే రంగులన్నీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు వెలుగుల కలయికే. పాత పద్ధతి వి.జి.ఎ. కేబులు, 1987లో ఐ.బి.యం. కంపెనీ తెచ్చినది, ఇప్పటికీ చాలా ఇళ్ళలో ఉంది. దాని కొసలో మూడు వరుసల్లో పదిహేను పిన్నులకు చోటుంటుంది. ఈ మూడు రంగులూ దాంట్లో విడివిడిగా ప్రయాణం చేస్తాయి. నీలం తీసుకొచ్చే పిన్ను వంగిందంటే తెల్ల కాగితం పసుపుగా కనిపిస్తుంది. ఆకుపచ్చ తెగితే గులాబి రంగుకు తిరుగుతుంది. ఎరుపు పోతే సముద్రపు నీలిపచ్చ అవుతుంది. కనుక బొమ్మ రంగు తిరిగితే ముందు కేబులు కొసను చూడాలి. కొత్త రకం హెచ్.డి.ఎం.ఐ. కేబులులో ఇల్లా జరగడం అరుదు. అది చెడితే మిణుకుమిణుకుమనే చుక్కలు రావడమో, తెర క్షణకాలం నల్లబడి ‘నో సిగ్నల్’ అనడమో జరుగుతుంది.

ఇక్కడ నాకు తెలిసిన ఒక ఇల్లాలి సంగతి చెప్పాలి. ఆమె ఇంట్లోనే శుభలేఖలు టైపు చేసి డిజైను చేసి ఇస్తుంది. మంచి ముహూర్తాల కాలంలో ఆమె కంప్యూటరు తెర ఆరిపోవడం మొదలుపెట్టింది. భర్త పెట్టెను ఆటోలో వేసుకుని షాపుకు తీసుకెళ్ళాడు. అక్కడ తెర భేషుగ్గా వచ్చింది. ఏదో తుడిచి, డబ్బు తీసుకుని పంపించారు. ఇంటికొచ్చిన మూడోరోజు మళ్ళీ ఆరిపోయింది. ఇల్లా మూడుసార్లు. నాలుగోసారి “మదర్‌బోర్డు పోతోందమ్మా, కొత్త సిస్టం తీసుకోండి” అన్నారు. ఇంట్లో అత్తగారు “ఏమ్మా, తడిగుడ్డ పెట్టి తుడిచావా?” అని ఆరా. ఒక పక్క ముహూర్తం దగ్గరపడుతోంది, శుభలేఖలవాళ్ళు గుమ్మంలో నిలబడుతున్నారు.

ఆమె కూర్చుని ఆలోచించింది. షాపులో బాగుండి ఇంట్లో పాడవుతోంది. అంటే షాపుకు వెళ్ళనిదేదో ఇంట్లో ఉంది. షాపుకు వెళ్ళింది పెట్టె ఒక్కటే. మానిటరు వెళ్ళలేదు, కేబులు వెళ్ళలేదు, గోడకున్న ప్లగ్గు వెళ్ళలేదు. షాపువాళ్ళు తమ కేబులు, తమ తెర పెట్టి చూస్తున్నారు. జబ్బు ఇంట్లో కూర్చుని ఉంటే, ఆరోగ్యంగా ఉన్న మనిషిని ఆసుపత్రికి మోసుకెళ్ళినట్టుంది వ్యవహారం! తేదీలు చూసుకుంటే ఇంకొక సంగతి తేలింది. గది కడిగి, బల్లను మళ్ళీ గోడకు నెట్టిన రోజునే జబ్బు వస్తోంది. వెనక కేబులు గోడకూ పెట్టెకూ మధ్య నలిగి, మెడ విరిచినట్టు వంగిపోతోంది. ఈసారి ఆమె తానే కేబులుతో సహా అన్నీ షాపుకు పట్టుకెళ్ళి, “మా కేబులుతోనే, మా తెరతోనే పెట్టి చూపించండి” అంది. కేబులు కొసను కాస్త వంచేసరికి అందరి కళ్ళ ఎదుటే తెర ఆరిపోయింది. కొన్ని వందల రూపాయల కేబులుతో వేల రూపాయల ఖర్చు తప్పింది. బల్లను గోడకు జానెడు ఎడంగా జరిపింది. అత్తగారు అన్నట్టు గది కడగడానికీ జబ్బుకూ సంబంధం ఉన్నమాట నిజమే. కాని తప్పు కడిగిన చేతిది కాదు, కేబులుకు చోటు లేకపోవడానిది.

ఇందులో మనం నేర్చుకోవలసినవి రెండే సూత్రాలు. ఒకటి: ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. పులుసులో ఉప్పూ కారమూ బెల్లమూ ఒకేసారి వేసి రుచి చూస్తే దేనివల్ల కుదిరిందో తెలుస్తుందా? కేబులు మారిస్తే కేబులే మార్చి రెండు రోజులు చూడండి. తరవాత ప్లగ్గు, ఆ తరవాత మానిటరు. పక్కింటి నుంచి ఒక్క పూటకు కేబులో, మానిటరో ఎరువు తెచ్చుకుని చూడటంలో నామోషీ లేదు. రెండు: ఖర్చు తక్కువైన దానితో మొదలుపెట్టాలి. కొసలు సరిగా బిగించడానికి ఖర్చే లేదు.

అయితే ధైర్యం వేరు, తెగింపు వేరు. కేబుళ్ళు ముట్టుకునే ముందు పెట్టెనూ మానిటరునూ రెంటినీ ఆపి, గోడ దగ్గర స్విచ్చి కట్టేయండి. మానిటరు వెనక మూత విప్పే పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. పాత కాలపు డబ్బా మానిటరులో ఇరవై వేల ఓల్టులకు మించిన విద్యుత్తు ఉంటుంది. ప్లగ్గు తీసేశాక కూడా కొంత లోపల నిలిచి ఉంటుంది. పలచటి మానిటరులోని కరెంటు భాగమూ, పెట్టె వెనక ప్లగ్గు దూర్చే డబ్బా కూడా అంతే, నమ్మడానికి వీల్లేదు. పెట్టెను ముట్టుకుంటే చేతికి జివ్వుమంటోందా? అయితే తెర సంగతి తరవాత, ముందు మేస్త్రీని పిలిచి ఎర్తు సరిచేయించండి. మూడు కాళ్ళ ప్లగ్గును రెండు కాళ్ళ సాకెట్టులో ఇరికించడానికి వాడే చిన్న మధ్యవర్తి ప్లగ్గులు తీసి పారేయండి. తెర తుడవడానికి మెత్తని పొడిగుడ్డ చాలు. అద్దాలు తుడిచే ఘాటు నీళ్ళు, స్పిరిటు తెర మీద చల్లకూడదు.

ఇంట్లో మన చేతుల్లో లేని జబ్బులూ ఉన్నాయి. తెర మీద పైనుంచి కిందికి సన్నని గీత ఒకటి ఎప్పుడూ ఒకేచోట నిలిచిపోయిందంటే, మెనూ పట్టిక మీద కూడా కనిపిస్తోందంటే, అది సాధారణంగా అద్దపు పలకదే. దాన్ని మార్చడానికి దాదాపు కొత్త మానిటరంత ఖర్చవుతుంది. అప్పుడు కొత్తది కొనడమే తెలివి. కాని ఆ నిర్ణయం చివరన రావాలి. ఎలకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు మొదటే పెట్టె, తెర అన్నీ మార్చేయడం తగదు.

షాపుకు వెళ్ళేటప్పుడు మరో జాగ్రత్త. తెర పోయినంత మాత్రాన లోపలి ఫోటోలు, లెక్కలు పోవు. అవన్నీ డిస్కులో భద్రంగా ఉంటాయి. కాని పెట్టెను బాగుచేయడానికి ఇచ్చే ముందు వీలైతే ఇంకో మానిటరు తగిలించి, వాటికి నకలు తీసుకోండి. “అంతా ఫార్మాట్ చేయాలి” అని ఎవరైనా అంటే, ఎందుకో చెప్పమని అడగండి. కేబులు తప్పుకు ఫార్మాట్ మందు కాదు. మార్చిన పాత భాగాన్ని ఇవ్వమనండి, బిల్లు తీసుకోండి. గ్యారంటీ కాలంలో ఉన్నదాన్ని ఊరికే తిప్పించుకుంటూంటే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలైలో అమలులోకి వచ్చింది. దాని నియమాల ప్రకారం, ఐదు లక్షల రూపాయల లోపు విలువగల వస్తువు మీద జిల్లా కమిషనులో ఫిర్యాదుకు రుసుము లేదు. అక్కడ మీ బిల్లుతోపాటు మీరు తేదీలు వేసి రాసిన ఆ పాల లెక్క పుస్తకం వెనక పేజీ కూడా ఉపయోగపడుతుంది.

ఇక నిజంగా ఆయువు తీరిన మానిటరును చెత్తకుండీలో వేయకండి. పాత డబ్బా మానిటరు గాజులో సీసం ఉంటుంది. పలచటివాటిలో మొదటి తరంవాటి ట్యూబుల్లో పాదరసం ఉంటుంది. ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునే గుర్తింపు పొందినవారికే ఇవ్వండి.

సోదరీమణులారా! అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టుకుని చెప్పగలం. పిల్లవాడి నుదురు తాకి జ్వరం పోల్చగలం. ఎప్పుడు, ఎక్కడ, దేని తరవాత అని గమనించే ఆ చూపే కంప్యూటరుకూ కావలసింది. మెకానిక్కుకు యంత్రం తెలుసు. కాని అది మన ఇంట్లో ఎల్లా ప్రవర్తిస్తోందో మనకే తెలుసు. ఈసారి తెర ఆరిపోయినప్పుడు ఎవరేమన్నా తొట్రుపడకండి. ముందు గడియారం చూసి వేళ రాసుకోండి. అతను వచ్చినప్పుడు తలుపు చాటున నిలబడకుండా, ఆ పుస్తకం చేత్తో పట్టుకుని ఎదురుగా కూర్చుని చెప్పండి.